పునర్జన్మ ఎత్తిన కారు: కొనేముందు పాత జాతకం చూడండి

ఏటా ఆగస్టు వచ్చిందంటే డల్లాస్, చికాగో, న్యూజెర్సీల్లో మన తెలుగు పిల్లలు వేలల్లో దిగుతారు. చదువులో కుదురుకునేలోపే ఒక సంగతి తెలిసొస్తుంది. అమెరికాలో చాలా ఊళ్లలో కారు లేనిదే ఇంట్లోకి కూరగాయలు కూడా రావు. చేతిలో ఉన్న డబ్బుకు పదేళ్ల నాటి కరోలా వస్తుంది. అదే ధరకు నాలుగేళ్ల కరోలా, తళతళలాడే రంగుతో, తక్కువ మైళ్లతో కనిపిస్తే మనసు ఆగదు. ప్రకటన చివర మాత్రం చిన్న అక్షరాల్లో రెండు మాటలుంటాయి: రీబిల్ట్ టైటిల్.

ఆ కారును ఒకసారి బీమా కంపెనీ లెక్కల్లోంచి కొట్టేసిందని, ఆ తర్వాత ఎవరో కొని, బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించారని దానర్థం. అలాంటి కారు సాధారణంగా 20 నుంచి 40 శాతం తక్కువకు వస్తుంది. ఇలాంటివి అసలు ముట్టుకోకూడదని చెప్పడం అన్యాయం. నేర్పున్న మెకానిక్ నిజాయితీగా బాగుచేసిన కార్లు ఏళ్ల తరబడి హాయిగా నడుస్తున్నాయి. కానీ ఏ దెబ్బ తగిలింది, ఎవరు బాగుచేశారు, ఏ భాగాలు వేశారు అనే మూడు ప్రశ్నలకు జవాబు దొరకనిదే డబ్బు చేతులు మారకూడదు. ఆ జవాబులు కొంత కాగితాల్లో, కొంత ఫొటోల్లో, మిగతాది కారు లోహంలో ఉంటాయి.

బీమా లెక్కలో కారు ఎప్పుడు పోయినట్టు?

గుద్దుకున్నా, వరదలో మునిగినా, దొంగలు ఎత్తుకెళ్లి భాగాలు పీకేసి వదిలేసినా బీమా కంపెనీ చూసేది రెండే అంకెలు. ప్రమాదానికి ముందు కారు విలువెంత, ఇప్పుడు బాగుచేయడానికి ఎంతవుతుంది. ఖర్చు ఒక హద్దు దాటితే టోటల్ లాస్ అని రాస్తారు. యజమానికి విలువ చెల్లించి కారును కంపెనీ తీసుకుంటుంది. అమెరికాలో టైటిల్ అంటే రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే యాజమాన్య పత్రం. టోటల్ లాస్ అయిన కారుకు మామూలు టైటిల్ పోయి శాల్వేజ్ టైటిల్ వస్తుంది. ఆ టైటిల్‌తో రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు.

ఆ హద్దు రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. ఓక్లహోమాలో 60 శాతం, న్యూయార్క్‌లో 75, ఫ్లోరిడాలో 80, టెక్సస్‌లో 100 శాతం. కాలిఫోర్నియా లాంటి చోట్ల శాతం బదులు సూత్రం ఉంది. రిపేరు ఖర్చుకు తుక్కు కింద అమ్మితే వచ్చే ధర కలపాలి, ఆ మొత్తం కారు విలువను మించితే టోటల్ లాస్. పది వేల డాలర్ల కారుకు ఏడు వేల డాలర్ల రిపేరు పడిందనుకుందాం. ఓక్లహోమాలో అది శాల్వేజ్. తుక్కు ధర మూడున్నర వేలు పలికితే కాలిఫోర్నియాలోనూ శాల్వేజే. టెక్సస్‌లో మాత్రం చట్టం దాన్ని శాల్వేజ్ చేయమని పట్టుబట్టదు. కంపెనీ తనంతట తాను టోటల్ లాస్ రాయకపోతే ఆ కారు క్లీన్ టైటిల్‌తోనే తిరగొచ్చు.

దీన్నిబట్టి రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. శాల్వేజ్ అయిన ప్రతి కారూ నుజ్జు కాలేదు. పాత కారు విలువ తక్కువ కాబట్టి వడగళ్ల దెబ్బకో, రెండు ఎయిర్‌బ్యాగులు విచ్చుకున్నందుకో అది టోటల్ లాస్ కావచ్చు. అలాగే క్లీన్ టైటిల్ ఉన్న ప్రతి కారూ దెబ్బ తగలనిది కాదు.

శాల్వేజ్ కార్లు కోపార్ట్, ఐఏఏ లాంటి పెద్ద వేలం సంస్థల యార్డులకు చేరతాయి. అక్కడ కొన్నవాళ్లు బాగుచేసి, రశీదులు చూపించి, రాష్ట్రం నుంచి రీబిల్ట్ ముద్ర పడ్డ టైటిల్ తీసుకుంటారు. ఇక్కడే కొనేవాళ్లు ఎక్కువగా పొరబడతారు. ప్రభుత్వం తనిఖీ చేసి ఇచ్చింది కదా అని ధీమా పడతారు. చాలా రాష్ట్రాల్లో ఆ తనిఖీ ముఖ్యంగా చూసేది వేసిన భాగాలు దొంగ సొత్తా కాదా, లైట్లు, బ్రేకులు పనిచేస్తున్నాయా అని. లోపలి ఉక్కు స్తంభాన్ని సరిగ్గా వెల్డింగ్ చేశారా లేదా అని విప్పి చూడరు.

17 అక్షరాల జాతకం

ప్రతి కారుకూ 17 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. అమెరికాలో విన్ అంటారు, మనం ఛాసిస్ నంబరు అంటాం. 1981 మోడల్ నుంచి అమెరికాలో ఇది ఒకే పద్ధతిలో ఉంది. ఒకటి, సున్నాలతో తికమక పడకుండా ఇంగ్లిష్ అక్షరాల్లో ఐ, ఓ, క్యూలను ఇందులో వాడరు. మొదటి అక్షరం ఎక్కడ తయారైందో చెబుతుంది. 1, 4, 5 అయితే అమెరికా, 2 కెనడా, 3 మెక్సికో, జె అయితే జపాన్. పదో అక్షరం మోడల్ సంవత్సరం. ఎల్ ఉంటే 2020, ఎం ఉంటే 2021, ఆర్ ఉంటే 2024.

అన్నిట్లోకీ ఆసక్తికరమైనది తొమ్మిదో స్థానం. అది మిగిలిన 16 అక్షరాలకు కాపలాదారు. ప్రతి అక్షరానికీ ఒక అంకె విలువ, ప్రతి స్థానానికీ ఒక బరువు ఉంటాయి. బరువులు మొదటి నుంచి 8, 7, 6, 5, 4, 3, 2, 10. తొమ్మిదో స్థానానికి 0. ఆ తర్వాత 9 నుంచి వరసగా 2 దాకా. విలువను బరువుతో హెచ్చవేసి, అన్నీ కూడి, 11తో భాగిస్తే వచ్చే శేషమే తొమ్మిదో స్థానంలో ఉండాలి. శేషం 10 వస్తే అక్కడ ఎక్స్ రాస్తారు.

చేసి చూద్దాం. 17 స్థానాల్లోనూ 1 ఉన్న సంఖ్య తీసుకోండి. బరువులన్నీ కూడితే 89. పదకొండుతో భాగిస్తే శేషం 1. తొమ్మిదో స్థానంలో ఉన్నదీ 1 కాబట్టి లెక్క సరిపోయింది. ఇప్పుడు ఎవరో చివరి 1ని కాస్త దిద్ది 7 చేశారనుకోండి. చివరి స్థానం బరువు 2 కాబట్టి మొత్తం 12 పెరిగి 101 అవుతుంది, శేషం 2 వస్తుంది. తొమ్మిదో స్థానంలో ఇంకా 1 ఉంది. ఒక్క గీత మార్చినందుకు దొంగతనం దొరికిపోయింది.

ఇంకో కారు నంబరును ఉన్నదున్నట్టు తెచ్చి అతికిస్తే ఈ లెక్క పట్టుకోలేదు. అందుకే నంబరును ఒక్కచోట చూసి వదిలేయకూడదు. ముందు అద్దం కింద డ్యాష్‌బోర్డు మీద ఒకటి, డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్‌లో ఒకటి ఉంటాయి. చాలా మోడళ్లలో బానెట్, తలుపులు, డిక్కీ, ఫెండర్ల మీద కూడా చిన్న స్టిక్కర్లుంటాయి. ఇవన్నీ టైటిల్ మీది నంబరుతో సరిపోవాలి. ఎక్కడైనా స్టిక్కర్ పీకేసిన జిగురు మరక కనిపించినా, నంబరుకు బదులు ఆర్ అనే అక్షరంతో కొత్త లేబుల్ కనిపించినా ఆ భాగం మార్చారన్నమాట. మార్చడం తప్పు కాదు. ఎందుకు మార్చారని అడగడం మీ హక్కు.

రిపోర్టు చెప్పేది, చెప్పనిది

ఒక రాష్ట్రంలో పడ్డ శాల్వేజ్ ముద్రను ఇంకో రాష్ట్రంలో రిజిస్టర్ చేయించి తుడిచేయడాన్ని టైటిల్ వాషింగ్ అంటారు. రాష్ట్రాల రికార్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోని రోజుల్లో ఇది చాలా తేలిక. దాన్ని అరికట్టడానికి 1992 నాటి కార్ల దొంగతనాల నిరోధక చట్టం కింద ఎన్ఎంవీటీఐఎస్ అనే జాతీయ టైటిల్ సమాచార వ్యవస్థ వచ్చింది. 2009 నుంచి బీమా కంపెనీలు, తుక్కు యార్డులు, శాల్వేజ్ యార్డులు ప్రతి నెలా తమ దగ్గరికొచ్చిన వాహనాల వివరాలు దీనికి పంపాలి. విన్ నంబరిచ్చి కొద్ది డాలర్లు కడితే అనుమతి పొందిన సంస్థలు రిపోర్టు ఇస్తాయి. టైటిల్ ఏ రాష్ట్రానిది, దాని మీద ఏ ముద్రలు పడ్డాయి, ఓడోమీటర్ ఎంత చూపింది, టోటల్ లాస్ అయిందా, తుక్కు యార్డుకు వెళ్లిందా అన్నవి అందులో ఉంటాయి.

కార్‌ఫ్యాక్స్, ఆటోచెక్ లాంటి ప్రైవేటు రిపోర్టులు వీటికి సర్వీసు రికార్డులు, పోలీసులు నమోదు చేసిన ప్రమాదాలు, వేలం వివరాలు జోడిస్తాయి. బీమా నేరాలపై పనిచేసే ఎన్ఐసీబీ సంస్థ విన్‌చెక్ పేరుతో ఉచితంగానే దొంగతనం, శాల్వేజ్ రికార్డులు చూపిస్తుంది. సరిచేయని రీకాల్స్ (లోపం సరిదిద్దడానికి తయారీ సంస్థ వెనక్కి పిలిచినవి) ఏమైనా ఉన్నాయేమో ఫెడరల్ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో ఉచితంగా తెలుస్తుంది. ఒక్క రిపోర్టుతో సరిపెట్టుకోకండి. ఒకదానిలో లేనిది ఇంకోదానిలో దొరుకుతుంది.

ఎన్ని రిపోర్టులు తీసినా అవి తమకు చేరిన సంగతులే చెబుతాయి. బీమాకు తెలియకుండా జేబులోంచి డబ్బు పెట్టి బాగుచేయిస్తే ఏ రికార్డూ ఉండదు. 2005లో అమెరికాలో ఒక పెద్ద బీమా సంస్థ వేల కార్లను శాల్వేజ్ ముద్ర లేకుండానే అమ్మేసిన వ్యవహారంలో 49 రాష్ట్రాల అటార్నీ జనరళ్లతో ఒప్పందానికి వచ్చి, వాటిని కొన్నవాళ్లకు పరిహారం చెల్లించింది. ముద్ర వేయాల్సిన చోటే వేయకపోతే ఏ కంప్యూటరూ దాన్ని కనిపెట్టలేదు.

టెక్సస్‌లో జరిగిన ఇంకో ఉదంతం ప్రతి కొనుగోలుదారూ తెలుసుకోవాలి. 2010 మోడల్ హోండా ఫిట్ ఒకటి వడగళ్లకు దెబ్బతింటే ఒక బాడీ షాపులో పైకప్పు మార్చారు. తయారీ సంస్థ చెప్పిన పద్ధతి ప్రకారం కప్పును స్పాట్ వెల్డింగ్‌తో అతకాలి. షాపువాళ్లు జిగురుతో అంటించారు. ఆ తర్వాత ఆ కారును ఒక జంట కొనుక్కుంది. పైకప్పు మార్చిన సంగతి వాళ్లు చూసిన రిపోర్టులో లేదు. 2013లో ఎదురుగా వచ్చిన వాహనం ఢీకొంటే కారు పంజరం నిలబడాల్సినట్టు నిలబడలేదు. మంటలు లేచాయి, ఇద్దరూ లోపల ఇరుక్కుని తీవ్రంగా గాయపడ్డారు. 2017లో డల్లాస్ జ్యూరీ ఆ షాపు వాటాగా 3 కోట్ల 15 లక్షల డాలర్ల పరిహారం తేల్చింది. ఆ కారుకు శాల్వేజ్ టైటిల్ కూడా లేదు. రిపేరు నాణ్యత ప్రాణం మీదికి ఎలా తెస్తుందో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

వేలం నాటి ఫొటో దొరికితే సగం పని అయినట్టే

రీబిల్ట్ కారు విషయంలో కొనేవాళ్లకు ఒక పెద్ద వెసులుబాటుంది. వేలానికి పెట్టినప్పుడు యార్డు వాళ్లు నాలుగు వైపులా ఫొటోలు తీసి, ప్రధానమైన దెబ్బ ఎక్కడో రాసి, ఆన్‌లైన్లో పెడతారు. విన్ నంబరును సెర్చ్‌లో కొడితే చాలాసార్లు ఆ ఫొటోలు ఇప్పటికీ దొరుకుతాయి. ముందు బంపరు, బానెట్ మాత్రమే నలిగాయా, లేక ముందు చక్రం వెనక్కి నెట్టుకొచ్చి తలుపు దాకా వంగిందా అన్నది అక్కడ తెలిసిపోతుంది. స్టీరింగ్ మధ్యలో, డ్యాష్‌బోర్డు మీద, సీటు పక్కన తెల్లటి సంచులు వేలాడుతున్నాయేమో చూడండి. వేలాడుతున్నవి ఎన్నో లెక్కపెట్టి రాసుకోండి. ఆ లెక్కతో తర్వాత పనుంది.

అమ్మేవాళ్లను కూడా అవే ఫొటోలు అడగాలి. నిజాయితీగా బాగుచేసినవాళ్లు దెబ్బ తిన్నప్పటి ఫొటోలు, మధ్యలో పని జరుగుతున్నప్పటి ఫొటోలు, భాగాల రశీదులు దాచుకుంటారు. అడగ్గానే చూపిస్తారు. ‘చిన్న గీతే, బంపరు మార్చాం, అంతే’ అన్నవాళ్ల మాట వేలం ఫొటోతో పొసగకపోతే అక్కడితో బేరం ముగించండి.

ఉక్కులో దాగిన దెబ్బ

1,500 కిలోల కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని గతిశక్తి సుమారు 1 లక్ష 45 వేల జౌళ్లు. అదే కారును దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి కింద పడేస్తే నేలను తాకేటప్పుడు ఉండే శక్తీ అంతే. గోడను గుద్దినప్పుడు ఆ శక్తి ఎక్కడికో పోవాలి. కారు ముందు భాగం మడతలు పడుతూ ఆ శక్తిని తాను మింగేలా, మనుషులు కూర్చునే గది మాత్రం చెక్కుచెదరకుండా ఉండేలా నిర్మించాలన్న ఆలోచనకు మెర్సిడెస్ ఇంజనీర్ బేలా బరేన్యీ 1950ల మొదట్లో పేటెంటు తీసుకున్నారు. ఇవాళ ప్రతి కారులోనూ ఆ సూత్రమే ఉంది.

లెక్క చూడండి. 50 కిలోమీటర్ల వేగంతో గుద్దిన కారు ముందు భాగం 60 సెంటీమీటర్లు నలిగి ఆగితే లోపలివాళ్లకు తగిలే సగటు కుదుపు భూమ్యాకర్షణకు 16 రెట్లు. ఆ భాగం సరిగ్గా నలగక 20 సెంటీమీటర్లలోనే ఆగిపోతే 49 రెట్లు. ఒకసారి నలిగిన ఉక్కును లాగి, సాగదీసి, తిన్నగా చేసినా లోపల మడతల జ్ఞాపకం పోదు. ఇంకోసారి గుద్దినప్పుడు అది ఇంజనీర్లు అనుకున్న చోట, అనుకున్నట్టు నలుగుతుందన్న హామీ లేదు.

ప్రయాణికుల గది చుట్టూ ఉండే స్తంభాలది ఇంకో కథ. వాటిలో చాలావరకు బోరాన్ కలిపిన ఉక్కు వాడతారు. దాన్ని దాదాపు 900 డిగ్రీల దాకా కాల్చి, చల్లటి అచ్చులో ఒక్కసారిగా నొక్కి చల్లారుస్తారు. అలా చేసిన ఉక్కు చదరపు మిల్లీమీటరుకు దాదాపు 150 కిలోల బరువును ఆపుతుంది. మామూలు మెత్తటి ఉక్కుకు నాలుగైదు రెట్లు. ఆ బలమంతా చల్లార్చిన తీరులో ఉంది. అలాంటి స్తంభం వంగితే దాన్ని గ్యాస్ మంటతో కాల్చి సుత్తితో తిన్నగా చేస్తే ఆకారం తిరిగొస్తుంది, బలం తిరిగిరాదు. అందుకే తయారీదారులు అలాంటి భాగాలను వేడిచేసి సరిచేయొద్దని, మొత్తం మార్చమని చెబుతారు. రంగు వేశాక రెండూ ఒకేలా కనిపిస్తాయి.

రంగు కింద ఏముందో కొంతవరకు కనిపెట్టొచ్చు. ఫ్యాక్టరీలో వేసిన రంగు మందం సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్లు, అంటే రెండు వెంట్రుకల మందం. పెయింట్ మందం కొలిచే చేతి పరికరం ఆన్‌లైన్లో దొరుకుతుంది. ఉక్కు మీద అయస్కాంత ప్రేరణతో, అల్యూమినియం మీద ఎడ్డీ ప్రవాహాలతో అది పనిచేస్తుంది. ఒక తలుపు మీద 120, పక్క తలుపు మీద 300 వస్తే అక్కడ మళ్లీ రంగు వేశారు. వెయ్యి దాటితే లోపల పుట్టీ ఉంది. పరికరం లేకపోతే ఫ్రిజ్‌కు అంటించే చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి ఉక్కు బాడీ మీద అక్కడక్కడా ఆనించి చూడండి. పుట్టీ మందంగా ఉన్నచోట అది పట్టు దొరక్క జారిపోతుంది.

తలుపులకు, బానెట్‌కు మధ్య సందులు రెండు వైపులా ఒకేలా ఉన్నాయా, బోల్టుల తలల మీద రంగు లేచిపోయిందా, అద్దాల మూలల్లో ముద్రించిన తయారీ గుర్తులు అన్నిటి మీదా ఒకే కాలానివా అన్నవి కూడా పగటి వెలుతురులో చూడాలి. అసలైన పరీక్ష మాత్రం కారును లిఫ్ట్ ఎక్కించినప్పుడే. అమ్మేవాళ్లకు సంబంధం లేని మెకానిక్ చేత, వీలైతే ఫ్రేము కొలతలు తీసే బాడీ షాపులో, కింది నుంచి చూపించండి. ఆ పనికయ్యే కొద్ది వందల డాలర్లు దండగ కాదు.

స్టీరింగ్ వెనక ఏముంది?

వేలం ఫొటోలో విచ్చుకున్న ఎయిర్‌బ్యాగుల లెక్క రాసుకున్నాం కదా, ఇప్పుడు దాన్ని బయటికి తీయాలి. విచ్చుకున్న ప్రతి బ్యాగు స్థానంలో కొత్తది రావాలి. అసలు భాగాలు ఖరీదైనవి, అందుకే మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే.

గుద్దుకున్న సెకనులో వందో వంతు, రెండు వందో వంతుల్లో సెన్సర్ నిర్ణయం తీసుకుంటుంది. ఇన్‌ఫ్లేటర్ అనే లోహపు డబ్బాలో రసాయనం భగ్గున మండి వాయువు పుడుతుంది. ఇంకో రెండు మూడు వందో వంతుల్లో సంచి నిండిపోతుంది. రెప్పపాటు కంటే వేగం. ఆ పేలుడును డబ్బా సరిగ్గా అదుపులో ఉంచితే ప్రాణం నిలుస్తుంది. డబ్బా నాసిరకమైతే అదే ముక్కలై ముఖం మీదికి దూసుకొస్తుంది. 2024 జులైలో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ప్రత్యేకంగా పాత కార్లు కొనేవారిని హెచ్చరించింది. అప్పటికి గడిచిన తొమ్మిది నెలల్లో చవకరకం, నాసి ఇన్‌ఫ్లేటర్ల వల్ల ముగ్గురు చనిపోయారు, ఇద్దరు కోలుకోలేనంతగా గాయపడ్డారు. ఆ కార్లన్నీ అంతకుముందే ఒకసారి ప్రమాదానికి గురై, ఎయిర్‌బ్యాగులు మార్చినవే. మామూలుగా బతికి బయటపడాల్సిన ప్రమాదాల్లో వాళ్లు పోయారు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. తుక్కు యార్డులో వేరే కారు నుంచి పీకిన ఎయిర్‌బ్యాగు వేస్తే, ఆ వేరే కారు మీద ఉన్న రీకాల్ మీ విన్ నంబరు కొడితే కనిపించదు. 2017లో లాస్‌వేగాస్‌లో ఒక 2002 మోడల్ హోండా అకార్డ్‌లో ఇదే జరిగింది. రీకాల్ జాబితాలో ఉన్న 2001 మోడల్ కారులోని తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగును దానికి తగిలించారు. అది పగిలి, నడుపుతున్న యువతి తీవ్రంగా గాయపడింది.

తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు గుర్తు ఎర్రగా వెలిగి, కొద్ది సెకన్లకు ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేసినట్టు అనుమానించండి. ఆరకపోతే వ్యవస్థలో లోపముంది. వెలిగి ఆరినా పూర్తిగా నమ్మకూడదు. బ్యాగు ఉండాల్సిన చోట చిన్న రెసిస్టరు పెట్టి, అంతా బాగానే ఉందని కంప్యూటర్‌ను మభ్యపెట్టే పద్ధతి ఉంది. అందువల్ల మెకానిక్‌తో ఎయిర్‌బ్యాగు వ్యవస్థను స్కాన్ చేయించండి. కొత్త బ్యాగు కంపెనీ డీలరు దగ్గర కొన్నట్టు రశీదు అడగండి. సీటు బెల్టును చివరి దాకా లాగి, కింద కుట్టిన లేబుల్ మీది తయారీ తేదీ కారు వయసుతో పోల్చండి. పెద్ద ప్రమాదంలో బెల్టు బిగించే యంత్రం కూడా ఒక్కసారే పనిచేసి అయిపోతుంది, దాన్నీ మార్చి ఉండాలి.

ఇంజిన్ కంప్యూటర్‌ను కూడా అడగొచ్చు. 1996 నుంచి అమెరికా కార్లన్నిటికీ ఓబీడీ-2 సాకెట్ ఉంది. చవక స్కానర్ పెడితే పాత తప్పుల కోడ్‌లు కనిపిస్తాయి. అమ్మే ముందురోజు వాటిని తుడిచేస్తే స్వీయ పరీక్షలు ‘సిద్ధంగా లేవు’ అని చూపిస్తాయి. అలాంటప్పుడు వారం రోజులు నడిపాక మళ్లీ చూద్దామనండి.

నీళ్లు తాగిన కారు

గుద్దిన దెబ్బ ఒక చోట ఉంటుంది, నీటి దెబ్బ కారంతా పాకుతుంది. 2012లో శాండీ తుపాను సుమారు రెండున్నర లక్షల వాహనాలను ముంచింది. 2017లో హ్యూస్టన్‌ను ముంచెత్తిన హార్వీ తర్వాత 4 లక్షలకు పైగా వాహనాలకు బీమా క్లెయిములు వచ్చాయి. తుపాను తీరంలో ఉండిపోతుంది, కార్లు మాత్రం ఆరబెట్టుకుని దేశమంతా తిరుగుతాయి.

ఇవాళ్టి కారులో కిలోమీటర్ల కొద్దీ వైర్లు, వందల కనెక్టర్లు ఉంటాయి. వాటిలో తేమ చేరితే, అందులోనూ ఉప్పునీరైతే, రాగికి పచ్చటి చిలుము పట్టి దాన్ని మెల్లగా తినేస్తుంది. మొదటి నెలలో అంతా పనిచేస్తుంది. ఆరు నెలలకు ఒకరోజు కిటికీ దిగదు, ఇంకోరోజు ఏబీఎస్ లైటు వెలుగుతుంది, ఒక రాత్రి హైవే మీద బండి ఆగిపోతుంది. విద్యుత్ కార్లలో ముప్పు ఇంకా ఎక్కువ. 2022లో ఇయాన్ తుపాను తర్వాత ఫ్లోరిడాలో ఉప్పునీట మునిగిన బ్యాటరీలు రోజులు, వారాల తర్వాత అంటుకున్నాయి. వరద ముద్ర ఉన్న విద్యుత్ కారు ఏ ధరకూ వద్దు.

పట్టుకోవడానికి మన కళ్లు, ముక్కు చాలు. సెంటు వాసన గుప్పుమంటే దేన్ని దాస్తున్నారో ఆలోచించండి. కార్పెట్ మూల లేపి చూడండి. స్టెప్నీ గుంటలో, సీటు పట్టాల కింద, హెడ్‌లైట్ లోపల సన్నటి మట్టి ఉందేమో చూడండి. సీటు బోల్టులకు తుప్పు ఉండకూడదు. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగితే ఒక గీత దాకా రంగు మారి ఉందంటే నీళ్లు అక్కడిదాకా వచ్చాయన్నమాట.

మన ఊళ్లో పరిస్థితి

ఇండియాలో కష్టం వేరే రకం. మన మోటారు బీమా నిబంధన ప్రకారం రిపేరు ఖర్చు కారు బీమా విలువలో 75 శాతం దాటితే టోటల్ లాస్. కానీ అమెరికాలోలా శాల్వేజ్, రీబిల్ట్ అనే ముద్ర మన ఆర్సీ మీద పడదు. పూర్తిగా పాడైపోయిన వాహనం సంగతి యజమాని 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి చెప్పాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ అంటోంది. అయినా తుక్కు కింద పోవాల్సిన కారు ఆర్సీతో సహా చేతులు మారడం, దాని నంబరును దొంగ కారు మీద కొట్టడం పోలీసులకు తెలిసిన దందానే. 2020లో హైదరాబాద్‌ను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన వరదల్లో నీట మునిగిన కార్లన్నీ తుక్కుకు పోలేదు.

ఇక్కడ కొనేవాళ్లకు పనికొచ్చే ఆధారాలు మూడున్నాయి. మొదటిది ఎంపరివాహన్ యాప్‌లో ఆర్సీ, ఫైనాన్స్ బాకీ, బీమా గడువు చూడటం. రెండోది, అమ్మేవాళ్ల గత రెండు మూడేళ్ల బీమా పాలసీలు అడగటం. క్లెయిము లేని ఏడాదికి నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై 50 దాకా పెరుగుతుంది. అది 45 నుంచి ఒక్కసారిగా సున్నాకు పడిందంటే మధ్యలో క్లెయిము జరిగింది. ఆ కంపెనీని అడిగితే ఏం బాగుచేశారో బయటపడుతుంది. మూడోది, అధీకృత సర్వీస్ సెంటర్‌లో ఆ బండి నంబరు మీద ఉన్న చరిత్ర. యజమానిని వెంట తీసుకెళ్లి చూడండి. మిగతా లోహం, రంగు, నీటి పరీక్షలు అక్కడైనా ఇక్కడైనా ఒకటే.

చివరిగా

అమెరికాలో రీబిల్ట్ కారు కొనదలిస్తే ముందుగా మీ బీమా కంపెనీకి ఫోన్ చేసి, పూర్తి కవరేజీ ఇస్తారో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. చాలా కంపెనీలు ఎదుటివారి నష్టానికి తప్ప మీ కారుకు కవరేజీ ఇవ్వవు. చాలా బ్యాంకులు ఇలాంటి కారుకు అప్పూ ఇవ్వవు. రేపు మీరు అమ్మినా అదే ముద్రతో, అదే తగ్గింపుతో అమ్మాలి. చవక లెక్క వేసేటప్పుడు ఇవన్నీ కలుపుకోవాలి.

దెబ్బ బంపరు, బానెట్, దొంగతనంలో పోయిన సీట్లు లాంటి వాటికే పరిమితమై, వేలం ఫొటోలు, రశీదులు, మెకానిక్ మాట మూడూ కలిస్తే రీబిల్ట్ కారు మంచి బేరమే. స్తంభాలు, ఫ్రేము పట్టాలు వంగినా, నీట మునిగినా, ఎయిర్‌బ్యాగుల రశీదు లేకపోయినా ధర ఎంత తగ్గించినా వద్దు. ‘ఇంకో ఇద్దరు చూసి వెళ్లారు, ఇవాళే తేల్చండి’ అని తొందరపెట్టేవాళ్ల దగ్గర అస్సలు వద్దు. విదేశంలో ఉన్న మీ పిల్లలో, తమ్ముళ్లో కారు వెతుకుతుంటే ఇవాళే ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి: విన్ నంబరు రాసుకోకుండా, లిఫ్ట్ మీద చూపించకుండా ఒక్క డాలరు కూడా ఇవ్వొద్దని.